సోలారు పలక మీద రెజీనమ్మ గారు

ఫ్రిజ్జు చల్లగానే ఉందని ఎవరైనా చెబితే కరుణాకుమారి మర్యాదగా తల ఊపి, లేచి వెళ్లి, తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి చూస్తుంది. ఉద్యోగ జీవితమంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకాల ఫ్రిజ్జులకు కాపలా కాసిన నర్సుకు మనుషుల మాట మీద నమ్మకం సన్నగిల్లి, అరచేతి మీద నమ్మకం బలపడుతుంది. పెళ్లివారింటికి వెళ్లినా ముందుగా పెరుగు గిన్నెను తాకి చూసే ఈ అలవాటును బంధువులు మొదట వింతగాను, తరువాత అవమానంగాను, చివరికి ఎండావానల వలె తప్పనిదిగాను స్వీకరించారు.

ఆమె పుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో. ఆవిరి ఇంజన్లు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ కాలనీ ఎలా మిగిలిందో, పదవీ విరమణ తరువాత కూడా కరుణాకుమారిలో నర్సు అలాగే మిగిలింది. పెళ్లి చేసుకోలేదు. కారణాలు వెదికే శ్రమ ఆమెకు లేకుండా మేనత్తలే ఆ బాధ్యత వహించారు. ఒక్కొక్క మేనత్త ఒక్కొక్క కారణాన్ని ఖరారు చేసింది. ఉద్యోగం ముగియగానే సూళ్లూరుపేటలో, మా చర్చి వెనుక వీధిలో, ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. విశ్రాంతి కోసమని చెప్పింది. ఆ విశ్రాంతి వారం దాటలేదు, ఎందుకంటే ఆ వారంలోనే చర్చి ఆవరణలోని ట్రైలరు ఆమె కంటబడింది.

ఆ ట్రైలరు మాకు ఎలా వచ్చిందో చెప్పాలి. చెన్నైకి చెందిన ఒక కంటి వైద్యుడు పులికాటు సరస్సు ఒడ్డున విడిది చేసి పక్షులను చూడాలని ముచ్చటపడి, కారు వెనుక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇంటిని ఒకదానిని కట్టించుకున్నాడు. రెండు చక్రాలు, ఒక పడక, ఒక పొయ్యిగట్టు, చిన్న ఫ్రిజ్జు, ఫ్యాను, మెడ వంచుకునే దీపం. వీటన్నిటికీ ప్రాణాధారంగా అడుగున పెట్టెలో ఒక పెద్ద బ్యాటరీ. పక్షులు ప్రతి శీతకాలమూ వచ్చాయి. డాక్టరు రెండు శీతకాలాలు వచ్చాడు. ఆ తరువాత దానిని మా చర్చి సంఘానికి దానం చేశాడు. వాడకం తీరిన వస్తువును దేవునికి సమర్పించే సంప్రదాయం చదువుకున్నవారిలోనూ చెక్కుచెదరలేదని మేమందరమూ సంతోషించాము.

సంఘం తీర్మానాలలో దాని పేరు ‘సంచార వైద్య సేవా శకటము’. సరస్సు చుట్టూ చేపలు పట్టేవారు నివసించే కుప్పాలలో దాని పేరు సూదుల బండి. రెండవ పేరే నిలిచింది, ఎందుకంటే అది పెట్టినవారు దానిని ఉపయోగించారు.

ఏటా వానలు వెనుకబట్టి దారులు ఆరగానే, జనవరిలో, ఒక ట్రాక్టరు ఆ బండిని లాక్కుపోయి ఒక కుప్పం పక్కన నిలుపుతుంది. కరుణాకుమారి అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, వచ్చినవారికి రక్తపోటు, చక్కెర చూసి, దీపం వంచి కళ్లు పరీక్షించి, పొర కనిపించినవారిని నెల్లూరు ఆసుపత్రికి పంపుతుంది. ఇన్సులిను బుడ్లు ఆ చిన్న ఫ్రిజ్జులో ఉంటాయి. కుప్పాలలో కరెంటు లేదని కాదు. ఉన్నది, కాని దానికి గాలి అంటే భయం. సరస్సు ఒడ్డున గాలికి కొదువ లేదు. అందుచేత బండికి బ్యాటరీయే దిక్కు.

పట్నానికే రావచ్చు కదా అని అడిగేవారు ఉన్నారు. ఆదెయ్య అనే ఒక పెద్దాయనను ఆ మాటే అడిగితే, తాను ఒక పొద్దు వల మానుకుంటే ఆ పొద్దు పులికాటులో రొయ్యలు తన కోసం ఆగవని జవాబిచ్చాడు. అతనికి చక్కెర జబ్బు ఉన్నది. బండి వస్తే సూది వేయించుకుంటాడు, రాకపోతే వేయించుకోడు. ఇందులో అతనికి ఏ సందిగ్ధమూ లేదు. అలాంటి ఆదెయ్యలు ఒక్కొక్క కుప్పంలోనూ ఉన్నారు.

వేసవి మొదలు డిసెంబరు చివరి వరకు బండి చర్చి ఆవరణలో నిలిచి ఉంటుంది. నిలిచి ఉన్న బండిలో బ్యాటరీ మాత్రం నిలిచి ఉండదు. అన్నీ ఆపివేసినా ఎక్కడో ఒక చిన్న దీపం, ఒక గడియారం దానిని చుక్క చుక్కగా తాగుతూ ఉంటాయి. ఏమీ తాగకపోయినా అది తనంతట తానే నీరసిస్తుంది. జనవరిలో తాళం తీసేసరికి చచ్చి ఉంటుంది. వరుసగా మూడేళ్లు అలాగే జరిగింది, మూడేళ్లూ కొత్తది కొన్నారు. మూడవసారి సంఘ కమిటీకి సహనం నశించింది.

కమిటీ అంటే ఆచరణలో కార్యదర్శి కిషోర్ బాబు గారు. రొయ్యల మేత వ్యాపారి. ఏ విషయం మీదనైనా ముందు తీర్మానం చేసి తరువాత ఆలోచించే దక్షత ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఈ ఏడాది కూడా బ్యాటరీ చస్తే బండిని వినోద్ అనే కుర్రవానికి అమ్మివేయాలని ఆయన తీర్మానింపజేశారు. వినోద్ వెంకటాచలం దగ్గర హైవే పక్కన టిఫిను బండి నడుపుతున్నాడు; దీనిని కొని బిర్యానీ బండిగా మార్చాలని అతని సంకల్పం. అతను టేపు పట్టుకుని వచ్చి, బండి లోపల కొలతలు తీసుకుని, కరుణాకుమారి పడక ఎంత వెడల్పో చూసి చాలా తృప్తి చెందాడు.

“మేడం, మీరు పండుకునే బల్ల మీదనే పెద్ద పొయ్యి పెట్టేస్తా. కరెక్టుగా సరిపోతాది,” అన్నాడు, ఆమె కూడా సంతోషిస్తుందనుకుని.

ఆ బండి పోతే కరుణాకుమారికి పోయేది పడక కాదు. ఆమెను ఈ లోకంలో ఇంకా నర్సుగా గుర్తించే స్థలం అదొక్కటే. ఆమె వెళ్లకపోతే సూది వేయించుకోని మనుషులు ఎందరో ఆమెకు ముఖాలతో సహా తెలుసు.

ఆమె ఒక రొయ్యల చెరువు గట్టు మీద సోలారు దీపం చూసింది. పగలంతా దానంతట అదే నిండి, రాత్రంతా వెలుగుతోంది. దానికి తీర్మానం ఎవరూ చేయలేదు. నెల్లూరు వెళ్లి దుకాణంలో విచారించింది. నిలిపి ఉంచిన బండికి పెద్ద హంగు అక్కర లేదని, ఒక చిన్న పలకను పైకప్పు మీద దక్షిణపు ఎండకు పెట్టి, మధ్యలో ఒక చార్జింగు పెట్టె తగిలిస్తే అదే బ్యాటరీకి రోజూ ఇంత తినిపిస్తూ ఉంటుందని దుకాణదారు చెప్పాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగితే బ్యాటరీ నిండుతున్నట్టు. ఎర్ర దీపం వెలిగితే ఆకలితో ఉన్నట్టు. పలక మీది నల్ల గళ్లు గొలుసులాగా ఒకదానికొకటి కలిసి ఉంటాయి గనుక ఏ కొద్ది గళ్ల మీద నీడ పడినా పలక మొత్తం మందగిస్తుందని, కాకి రెట్ట పడినా తుడవాలని మరీ మరీ హెచ్చరించాడు. కాకుల విషయంలో ఆయన హెచ్చరిక సంపూర్ణంగా ఉంది. మనుషుల సంగతి ఆయనకు తట్టలేదు.

సంఘంలో ఆ మాట ప్రకటించగానే ఇద్దరు దాతలు ముందుకు వచ్చారు. ఒకరు బజారులో చీరల కొట్టు యజమానురాలు రెబెక్కమ్మ. కిందటి ఏడాది ప్రభువునందు నిద్రించిన అత్తగారు రెజీనమ్మ జ్ఞాపకార్థం సగం ఇస్తానన్నది. మిగిలిన సగం కిషోర్ బాబు గారు స్వయంగా భరించారు. అమ్మాలని తీర్మానించిన బండికి ఆయనే దానం ఎలా చేశారని అడగకూడదు. రెండింటిలోనూ ఆయన పేరు ముందుంటుంది. అందులో వైరుధ్యం లేదు.

మా ప్రాంతపు చర్చిలోకి కొత్తగా వచ్చినవారెవరైనా తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద పేర్లు చదవవచ్చు. తిరుగుతున్నప్పుడు చదవలేరు గనుక ప్రసంగం మధ్యలో కరెంటు పోయినప్పుడు చదువుతారు. ట్యూబులైటు పట్టీ మీద, బీరువా మీద, కుర్చీ వీపు మీద, మంచినీళ్ల డ్రమ్ము మీద ఎవరో ఒకరి జ్ఞాపకం ఉంటుంది. ఇచ్చిన వస్తువు మీదనే ఇచ్చినవారి పేరు ఉండాలి. పక్క గోడ మీద రాస్తే అది గోడ ఇచ్చినట్టవుతుంది గాని ఫ్యాను ఇచ్చినట్టు కాదు. ఈ ధర్మం ఎక్కడా రాసి లేదు, కాబట్టి దానికి సవరణ కూడా లేదు.

ఈ పేర్లన్నీ రాసేది జకరయ్య. కావలి నుంచి సూళ్లూరుపేట వరకు అతని కుంచె తాకని చర్చి అరుదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయిన తరువాత దాతల పేర్లే అతనికి కూడు పెడుతున్నాయి. సోలారు పలక అతని చేతికి వచ్చిన రోజున, అంత నున్నని నల్లని అద్దం తన జన్మలో చూడలేదని పొంగిపోయాడు. పైసగంలో ‘కీ.శే. రెజీనమ్మ గారి జ్ఞాపకార్థము, కోడలు రెబెక్కమ్మ సమర్పించినది’ అని, కింది సగంలో ‘కిషోర్ బాబు కుటుంబము’ అని పసుపు రంగు ఎనామెలుతో రాశాడు. అంతటితో ఆగలేదు. అక్షరాలు లేచి నిలబడినట్టు కనిపించడానికి ఒక్కొక్కదాని పక్కన ఎర్రటి నీడ కూడా దిద్దాడు. వెలుగు పట్టడానికి తెచ్చిన వస్తువు మీద నీడలు చిత్రించిన మొదటి కళాకారుడు బహుశా అతనే. రాత మాత్రం ముత్యాల వంటిది. ఆ గుండ్రని అక్షరాలలో తప్పు పట్టడానికి చూశాను, దొరకలేదు.

తరువాతి సమస్య మరింత సహజమైనది. పైకప్పు మీద పెడితే పేర్లు ఎవరికి కనిపిస్తాయి? కొంగలకు. అందుచేత పలకను బండి పక్క గోడకు, చర్చి ద్వారం వైపు, నిలువుగా బిగించారు. ఆ వైపు ఉత్తరం. పాస్టరు గారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు, కరుణాకుమారి చేత కొబ్బరి బిస్కెట్లు పంచిపెట్టించారు. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో శ్రీహరికోట నుంచి ఆకాశంలోకి వెళ్లే ఉపగ్రహాలు తమ పలకలను సూర్యుని వైపు విప్పుకుంటాయని విన్నాను. వాటికి దాతలు లేరు కాబోలు.

మరుసటి రోజు మధ్యాహ్నం కరుణాకుమారి తన దగ్గరి తాళంచెవితో బండి తలుపు తీసి చార్జింగు పెట్టెను చూసింది. పచ్చ దీపం లేదు. ఆ మరుసటి రోజూ లేదు. పెట్టెకు సమయం ఇద్దామని కొన్నాళ్లు ఆగి, ఒకరోజు ఎర్ర దీపం చూసి, తిన్నగా కమిటీ ముందుకు వెళ్లింది. పేర్లు తుడిచి పలకను పైకి ఎక్కించాలని చెప్పింది.

“సిస్టరమ్మా, ఎండ ఎవురి సొత్తు? అన్ని పక్కలా ఉండాది గదా,” అన్నారు కిషోర్ బాబు గారు.

“అన్ని పక్కలా ఉంటే మీ ఇంట్లో మిరపకాయలు ఇంటెనక నీడలో ఎందుకు ఆరబెట్టరన్నా?”

“మిరపకాయలకు, సోలారుకు పోలికేంది? అది సైన్సు.”

సైన్సు అన్న తరువాత చర్చ సాగదు. బ్యాటరీని ఊడదీసి బయట చార్జి చేయిస్తానని ఆమె అడిగితే, అది మోసమవుతుందని, బండి తన కాళ్ల మీద తాను నిలబడుతుందో లేదో చూడడమే తీర్మానం ఉద్దేశమని ఆయన వివరించారు. బ్యాటరీ పెట్టెకు సంఘం తాళం వేసి ఉన్నది. దొంగల భయం చేత వేసిన ఆ తాళం ఇప్పుడు నర్సును ఆపడానికి కూడా పనికివచ్చింది.

అక్టోబరులో వానలు పట్టాయి. ఎర్ర దీపం స్థిరంగా వెలుగుతూ ఉంది. పెట్టెలో అది ఒక్కటే నమ్మకంగా పనిచేసింది. వినోద్ ఒకసారి ఫోను చేసి బండికి ఏ రంగు వేస్తే హైవే మీద బాగా కనిపిస్తుందని ఆమె సలహా అడిగాడు. నవంబరులో ఒక తెరిపి రోజున కరుణాకుమారి గొడుగు మడిచి, రెబెక్కమ్మ ఇంటికి వెళ్లింది.

రెజీనమ్మ గారి చివరి రెండేళ్లూ ఆ ఇంట్లో మంచం పక్కన సూదులు వేసినది కరుణాకుమారే. కాబట్టి ఇంట్లో ఆమెకు ఉపోద్ఘాతం అక్కర లేదు. సంగతి చెప్పింది. అత్తగారి పేరు పలక పైసగమంతా పరుచుకుని ఉండడం వల్ల ఎండ లోపలికి పోవడం లేదన్నది. రెబెక్కమ్మ కాసేపు వక్కపలుకు నమిలి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నీకు తెలవందేముంది కరుణా. కాళ్లాడినన్నాళ్లూ ఆ వాకిట్లోనే కుర్చీ ఏసుకోని కూర్చునింది. ఒక వడియం ఎండాలన్నా ఆమె లెయ్యాల. ఎప్పుడన్నా లేసినాదా?”

“ఇప్పుడూ లేస్తా లేదక్కా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయిన తరువాత రెబెక్కమ్మ ముఖం మారింది. అత్త పేరు తుడిపించిందని ఆడబిడ్డలకు తెలిస్తే ఊరుకుంటారా అన్నది. ఆ ఆడబిడ్డలు తల్లి మంచాన పడిన రెండేళ్లలో వచ్చిన సందర్భాలు తక్కువ. వచ్చినప్పుడల్లా తల్లి చిక్కిపోయిందని వీధికి వినిపించేలా ఏడ్చి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయేవారు.

“అన్నం పెట్టకుండా చంపింది, ఇప్పుడు పేరు కూడా లేకుండా చేసిందంటారు. అనరా?”

“నువ్వు కలిపి నోట్లో పెట్టింది నేను చూసినా. మెతుకు మెతుకు దిగిందాకా కూర్చున్నావు. ఎవురన్నా ఆ మాటంటే నా దగ్గరికి పంపు, నేను చెబుతా,” అన్నది కరుణాకుమారి.

ఆ రెండేళ్లకు సాక్షి ఉన్నదని రెబెక్కమ్మకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. తరువాత లేచి, కాఫీ కలిపి తెచ్చి, గ్లాసు చేతికిస్తూ అన్నది:

“పలకను పైకెక్కించాలంటే కమిటీని నేను చూసుకుంటా. పైకెక్కినాక దాని మీద పేరుందో లేదో ఎవురు పొయ్యి చూస్తారు?”

తరువాతి ఆదివారం ఆరాధన ముగియగానే రెబెక్కమ్మ లేచి నిలబడి, గద్గదమైన గొంతుతో ఒక మనవి చేసింది. చర్చిలోకి వచ్చే జనం చెప్పులు విడిచే చోటు సరిగ్గా ఆ పలక కిందనే ఉన్నదని, పెద్దావిడ పేరు కింద నూరు జతల చెప్పులు పడి ఉంటే కోడలిగా తన కడుపు తరుక్కుపోతున్నదని, ఆ పేరు దేవునికి ఎదురుగా, ఎత్తున ఉండడమే న్యాయమని విన్నవించుకుంది. అందరూ తలలు తిప్పి కిటికీలోంచి చూశారు. చెప్పులు నిజంగానే ఉన్నాయి. వాటికి మరింత దగ్గరగా, దాదాపు తాకుతూ, ‘కిషోర్ బాబు కుటుంబము’ అనే అక్షరాలు ఉన్నాయి. ఆ పలక అంతకాలంగా అక్కడే ఉన్నప్పటికీ కార్యదర్శి గారు ఈ దృశ్యాన్ని ఆ కోణంలో దర్శించడం అదే మొదలు. ఎండ కోసం మూడు నెలలు కదలని పలక, చెప్పుల కోసం మూడు నిమిషాలలో ఏకగ్రీవంగా కదిలింది.

క్రిస్మసుకు ముందు చర్చికి సున్నం వేయడం మా ఆనవాయితీ. ఆ పనికి వచ్చిన జకరయ్యకే పలకను ఊడదీసి పైకి బిగించే పని కూడా అప్పగించారు. రెబెక్కమ్మ మధ్యాహ్నం వచ్చి, నలుగురూ భోజనాలకు వెళ్లిన తరువాత, తన అత్తగారి పేరు తుడిచివేయమని అతనికి చెప్పింది. జకరయ్య రంగు కరిగించే థిన్నరు సీసా పట్టుకుని నిలబడ్డాడు గాని చెయ్యి కదలలేదు.

“అక్కా, చావు పుట్టుక పేర్లు నేను రాసినాయి ఎన్నో ఉండాయి. తుడిసింది ఒకటి లేదు. ఆ నీడలు చూడు, ఒక్కో అక్షరానికి పూట పట్టింది.”

“నా పేరు, నా అత్త పేరు, నేను చెబుతుండా. తుడువు.”

తుడిచాడు. కళ్ల నీళ్లు థిన్నరు వల్లనని అతను చెప్పాడు, మేము నమ్మాము. కాని కింది సగం మాత్రం ముట్టనన్నాడు. కార్యదర్శి చెప్పకుండా కార్యదర్శి పేరు తుడిస్తే ఈ జిల్లాలో తనకు మరో ఫ్యాను రెక్క దొరకదన్నాడు. అతని భయం సకారణమైనదే. రెబెక్కమ్మ వెళ్లిపోయింది. జకరయ్య భోజనానికి వెళ్లాడు. కరుణాకుమారి వైరు తగిలించి, పలకను ఎండకు ఆనించి, పెట్టె చూసింది. సగం శుభ్రమైనా ఎర్ర దీపమే. దుకాణదారు చెప్పిన గొలుసు సంగతి గుర్తుకు వచ్చింది.

కిషోర్ బాబు గారి దగ్గరికి వెళ్లి అడిగితే వచ్చే జవాబు ఆమెకు తెలుసు. అడగకుండా తుడిస్తే, తెలిసిన రోజున బండి ఉన్నా బండిలో తాను ఉండదని కూడా తెలుసు. ఆమె మెట్టు మీద కూర్చుని కొంతసేపు ఆలోచించి, థిన్నరులో గుడ్డ తడిపి, ‘కుటుంబము’ వైపు నుంచి మొదలుపెట్టింది.

జకరయ్య తిరిగి వచ్చేసరికి పలక మీద పసుపు మరకలు మాత్రమే మిగిలాయి. అతను పలకనూ చూశాడు, ఆమెనూ చూశాడు. కేకలు వేస్తాడనుకుంది.

“ఇట్నా తుడిచేది? అంచుల్లో అంతా ఉండిపోయినాది,” అని గుడ్డ లాక్కుని, మూలలలోని రంగును గోటితో సైతం గీకి, అద్దం మెరిసే వరకు తుడిచాడు. అసంపూర్ణమైన పని చూసి ఊరుకోవడం అతని వల్ల కాదు, అది చెరిపే పని అయినా సరే.

పలకను పైకప్పు మీద దక్షిణానికి వాల్చి బిగించారు. ఆ సాయంత్రమే పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. ఆ ఏడు వానలు ముందే వెనుకబట్టి, డిసెంబరులో మిగిలిన రోజులన్నీ ఎండ కాసింది.

జనవరి మొదటి సోమవారం బండిని తెరిచే రోజు. పాస్టరు గారు వచ్చారు, కమిటీ వచ్చింది, రెబెక్కమ్మ తన ఇద్దరు ఆడబిడ్డలతో సహా వచ్చింది. తల్లి పేరు దేవునికి ఎదురుగా ఎక్కిందని విని వారు నాయుడుపేట నుంచి ప్రత్యేకంగా విచ్చేశారు. ట్రాక్టరు వచ్చింది. వినోద్ కూడా ఒక మినీ వ్యానుతో, బండిని కట్టి లాక్కుపోవడానికి మోకుతో, ముందుచూపుతో వచ్చాడు. కిషోర్ బాబు గారు తాళం తీసి, బండి లోపలికి వెళ్లి, తీర్మానాన్ని మరొకసారి చదివి, స్విచ్చి వేశారు.

దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్జు చిన్నగా గొణిగింది. ఆయన స్విచ్చి ఆపి మళ్లీ వేశారు, మళ్లీ వెలిగింది. ఫలితం తనకు ఇష్టమా, కాదా అని ఒక క్షణం తేల్చుకోలేక, చివరికి ఇది తన దానం యొక్క మహిమ అని గ్రహించి చిరునవ్వు నవ్వారు. పాస్టరు గారు దాతల నామములను ఉచ్చరించి స్తోత్రం చెల్లించారు. అంతటితో ముగిసి ఉంటే బాగుండేది. కాని వార్షిక నివేదికలో వేయడానికి పలక మీది పేర్లకు ఫోటో కావాలని కార్యదర్శి గారికి తోచింది. పెద్ద ఆడబిడ్డ కూడా తనకొక కాపీ కావాలన్నది. సున్నం పనికి తెచ్చిన నిచ్చెన గోడకే ఆనించి ఉన్నది.

కరుణాకుమారి నిచ్చెన పట్టుకున్నది. పడిపోతారని పట్టుకున్నదో, ఎక్కనీయకూడదని పట్టుకున్నదో ఆమెకే తెలియదు. ఆయన ఫోను నోట కరచుకుని ఎక్కారు.

పైకి వెళ్లినాయన ఫోను చేతిలోకి తీసుకున్నారు గాని ఫోటో తీయలేదు. కింద రెబెక్కమ్మ కొంగు కొస ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నది. జకరయ్య చర్చి గోడకు సున్నం సరిగా పట్టిందో లేదో అత్యంత శ్రద్ధగా పరిశీలించడం ప్రారంభించాడు. పైన కార్యదర్శి గారు ఒకసారి వంగి అద్దాన్ని వేలితో రుద్దారు. తలెత్తి దక్షిణానికి చూశారు. ఆ తరువాత కిందకు చూశారు: తీర్మానం చేసిన కమిటీ, మోకు చుట్టచుట్టుకుని నిలబడిన వినోద్, నిచ్చెన అడుగున తలెత్తి చూస్తున్న కరుణాకుమారి. ఆమె ముఖం దాచుకోలేదు. ఎవరు తుడిచారో ఆయనకు మరొకరు చెప్పవలసిన పని లేకపోయింది.

“ఏం బాబూ, మా అమ్మ పేరు బాగా కనబడుతుండాదా?” అని కింద నుంచి ఆడబిడ్డ అడిగింది.

ఆయన జీవితంలో మొదటిసారి ఆలోచన ముందు, మాట తరువాత వచ్చిన సందర్భమది.

“ఫోటో రాదమ్మా. ఎండ అద్దానికి కొట్టి కళ్లు పోతుండాయి,” అన్నారు. “పైనున్న ఆయన చదువుకుంటాడులే.”

దిగారు. చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, కరుణాకుమారికి మాత్రమే వినిపించేలా అన్నారు:

“సిస్టరమ్మా, నా సంగతి సరే. మా ఇంట్లో ఆమెకు మాత్రం తెలియనీయబాక. ఆమె పుట్టింటివాళ్లందరికీ చెప్పుకోనుండాది.”

“నేనెందుకు చెబుతానన్నా,” అన్నది ఆమె. అప్పుడు గాని నిచ్చెన వదలలేదు.

ఆ తరువాత ఆయన మామూలు మనిషి అయిపోయారు. అమ్మకం తీర్మానం రద్దయినదని బిగ్గరగా ప్రకటించి, ఈ విజయం తన దూరదృష్టి వల్లనే సాధ్యపడిందని కూడా చేర్చారు. ఎవరూ ఆక్షేపించలేదు, ఆ పూట ఆయనకు అది చెల్లుతుందని తెలిసినవారికి తెలుసు. ఇప్పుడు సంఘంలో ఈ సంగతి తెలియనివారు లేరు, తెలుసునని ఒప్పుకునేవారూ లేరు. కార్యదర్శి గారి భార్య మాత్రం పోయిన నెల నాతో మాట్లాడుతూ, తమ కుటుంబం పేరు కుప్పం కుప్పం తిరుగుతున్నదని సంతోషించింది. ఔనన్నాను.

వినోద్ నిరాశ పడ్డాడు. అతని ముఖం ఎర్రబడి ఉండడం గమనించిన కరుణాకుమారి అతన్ని పడక మీద కూర్చోబెట్టి, చేతికి పట్టీ కట్టి, రక్తపోటు చూసింది. అంకె చూపించి, ఆ వయసులో ఆ అంకె ఉండకూడదని, పొయ్యి ముందు నిలబడి తన బిర్యానీ తానే తినడం తగ్గించమని మందలించి, మాత్రలు రాయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నది. ఆ సీజనులో సూదుల బండికి మొదటి రోగి అతనే. అతను తన మోకును కూడా ట్రాక్టరువానికే ఇచ్చి వెళ్లాడు.

బండి మొదటి కుప్పం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒడ్డున వలలు ఆరవేసి ఉన్నాయి, గాలి విసురుగా ఉంది, కరెంటు అప్పటికే పోయి ఉంది. ఆదెయ్య మిగిలినవారి కంటె ముందుగా వచ్చి, లోపల ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె దీపం వంచి అతని కంటిలోకి చూసింది.

“నిరుడు మార్చి నుంచి ఒక్క సూదైనా వేయించుకున్నావా?” అని అడిగింది.

“మీరు రాలా గదమ్మా,” అన్నాడు ఆదెయ్య, తప్పంతా ఆమెదే అయినట్టు.

ఆమె అతన్ని నిలువునా తిట్టింది. తిడుతూనే ఫ్రిజ్జు తెరిచి బుడ్డి తీసింది. ఆదెయ్య తిట్లన్నీ విని, చొక్కా పైకి లాగి, రేపు కూడా బండి ఇక్కడే ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నది.